ఎక్సెల్ నేర్చుకుందాం - 7: తారుమారైన తేదీలు

గత పాఠంలో సార్టింగ్ కోసం ఇచ్చిన ఫీజుల పట్టిక చాలామందికి చుక్కలు చూపించింది. మే 7న కట్టిన ఫీజు జులైలో తేలిందట. మే 20వి జాబితా అడుగున పడ్డాయట. కాబట్టి ఈసారి చెప్పాల్సిన పివట్ టేబుల్ (పట్టిక సారాంశం తీసే సాధనం) వాయిదా.

07/05/2024 మనకు మే 7, అమెరికావాళ్లకు జులై 5. మన ఊళ్లో కొన్న ల్యాప్‌టాప్‌లో కూడా రీజియన్ యునైటెడ్ స్టేట్స్ అనే ఉండిపోవడం మామూలే. ఎక్సెల్ ఆ రీజియన్ సెట్టింగ్‌ను చూసి మొదటి అంకెను నెల అనుకుంటుంది. 20వ నెల లేదు కనుక 20/05/2024ను మాత్రం తేదీగా తీసుకోదు, ఉత్త అక్షరాలుగా గడిలో ఎడమవైపు వదిలేస్తుంది. వాటితో భయం లేదు, కంటికి కనిపిస్తాయి. తప్పు తేదీలుగా మారి కుడివైపు బుద్ధిగా కూర్చున్నవే కొంప ముంచుతాయి.

ఇక అందరూ చేసే పని: ఫార్మాట్ సెల్స్‌లోకి వెళ్లి రోజు ముందు, నెల తర్వాత వచ్చేలా మార్చడం. దయచేసి మానేయండి! ఎక్సెల్ తేదీని ఒక సంఖ్యగా దాచుకుంటుంది. 1900 జనవరి 1 అంటే 1. మే 7, 2024 అంటే 45419. మీ ఫైల్లో ఇప్పుడున్నది 45478, అంటే జులై 5. ఫార్మాట్ మారిస్తే కనిపించే తీరు మారుతుంది గానీ, ఆ 45478 కదలదు. పైగా 05-07-2024 అని మన పద్ధతిలోనే ముచ్చటగా కనిపిస్తుంది, తప్పు ఉందన్న అనుమానం కూడా రాదు.

మరి ఏం చేయాలి? పట్టిక ఉన్న సీఎస్‌వీ ఫైలును (విలువల్ని కామాలతో విడదీసి రాసిన మామూలు టెక్స్ట్ ఫైలు) డబుల్ క్లిక్ చేయకండి. నేనైతే పేరు చివర టీఎక్స్‌టీ అని మార్చి, ఎక్సెల్‌లోంచి ఓపెన్ చేస్తాను. అప్పుడు వచ్చే విజార్డ్ మూడో మెట్టులో తేదీల కాలమ్ ఎంచుకుని, డేట్ దగ్గర డీఎంవై (రోజు, నెల, ఏడాది) పెట్టాలి. గూగుల్ షీట్స్‌లో అయితే డేటా పేస్ట్ చేయకముందే సెట్టింగ్స్‌లో లొకేల్ (ప్రాంతం) ఇండియా చేసుకోండి.

కొత్తగా రాసేవాళ్లు 2024-05-07 అని రాయండి. తేదీలు రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 పద్ధతి ఇదే. ఏటవాలు గీతలు (/) పెట్టిన తేదీలంటే నాకు పడదు.

అభ్యాసం: ఏడాదిలో ఇలా తారుమారయ్యే తేదీలు 132. ఎందుకో లెక్కగట్టండి. తర్వాత, అసలు సీఎస్‌వీ పోయి పాడైన ఫైలే మిగిలిందనుకోండి. ఇజ్‌నంబర్, డేట్, లెఫ్ట్, మిడ్, రైట్ ఫంక్షన్లు వాడి, రెండు రకాల గడుల్నీ ఒకే ఫార్ములాతో సరిచేయండి.