ఏఐ ఫండ్లలో సొమ్ము పెట్టే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి వైపు పత్తి అమ్మిన సొమ్మునూ, పదవీ విరమణ డబ్బునూ ఏఐ (కృత్రిమ మేధ) పేరున్న ఫండ్లలో పెట్టమని ఎవరైనా చెబితే, సంతకానికి ముందు కొన్ని విషయాలు చూసుకోవాలి.

మొదట, ఆ ఫండ్ సొమ్ము పెట్టే కంపెనీ చూపే ఆదాయం ఎవరి జేబులోంచి వస్తున్నదో తెలుసుకోవాలి. 2025 సెప్టెంబరులో చిప్‌లు తయారుచేసే ఎన్‌విడియా, చాట్‌జీపీటీని రూపొందించిన ఓపెన్‌ఏఐలో విడతలవారీగా 10,000 కోట్ల డాలర్ల వరకు పెట్టే ఉద్దేశాన్ని ప్రకటించింది. ఆ ఓపెన్‌ఏఐ తన డేటా కేంద్రాలకు కొనేది ప్రధానంగా ఎన్‌విడియా చిప్‌లనే. అమ్మేవాడే కొనేవాడికి పెట్టుబడి ఇచ్చినప్పుడు, పెరిగిన అమ్మకాలన్నింటినీ నిజమైన గిరాకీగా లెక్కించకూడదు.

తరుగుదల లెక్కను, అంటే యంత్రాల ధరను వాటి ఆయుష్షు మీద ఏటేటా ఖర్చుగా పంచే లెక్కను, మరింత శ్రద్ధగా చూడాలి. సర్వర్ల (డేటా కేంద్రాల్లోని కంప్యూటర్ల) ఆయుష్షును ఎక్కువ ఏళ్లుగా చూపితే ఏటి ఖర్చు తగ్గి, లాభం పెరిగినట్టు కనిపిస్తుంది. 2025లో ఫేస్‌బుక్ యజమాని మెటా ఆ ఆయుష్షును ఐదున్నర ఏళ్లకు పెంచగా, అమెజాన్ కొన్ని సర్వర్లకు ఆరేళ్ల నుంచి ఐదేళ్లకు తగ్గించింది. ఈ తేడా లాభం అంకెలో కనబడదు. వార్షిక నివేదిక చివర, ఎవరూ చదవని నోట్సులో ఉంటుంది.

ఏఐ అన్న పేరు అర్హత కాదు. ఏఐ వాడకం గురించి అబద్ధాలు చెప్పిన రెండు పెట్టుబడి సలహా సంస్థలపై అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ 2024 మార్చిలో చర్య తీసుకున్నది.

2025 జనవరి 27న ఎన్‌విడియా షేరు ఒక్కరోజులోనే సుమారు 17 శాతం పడింది కనుక, పెళ్లికో చదువుకో దాచినది ఇందులో పెట్టరాదు. సలహా ఇచ్చేవారు బంధువులైనా మన దేశ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఇచ్చిన నమోదు సంఖ్య అడగాలి. రాబడికి హామీ ఇస్తే లేచి వచ్చేయాలి. పత్రాలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటే, చదవగలిగినవారితో ముందుగా పూర్తిగా చదివించుకోవాలి.