ఒడిశా సరిహద్దు తెలుగువారు విశ్వవిద్యాలయ ఆటిజం సేవలకు దరఖాస్తు చేసుకోవడం ఎలా?

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండే తెలుగు కుటుంబాల్లో ఆటిజం ఉన్న పిల్లలకో పెద్దలకో సాయం వెతకడం మొదలుపెట్టగానే సరిహద్దు అడ్డు వస్తుంది. ఇల్లు ఒడిశాలో, ఆధార్ ఒడిశా చిరునామాతో, బడిలో చదువు ఒడియాలో. ఇంట్లో మాట మాత్రం తెలుగు, పెద్దాసుపత్రి అనగానే గుర్తొచ్చేది విశాఖపట్నం. మరి కాగితాలు ఎక్కడ తీసుకోవాలి, బిడ్డను ఎక్కడ చూపించాలి?

దీనికి చట్టంలోనే సమాధానం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని 21 రకాల వైకల్యాల్లో ఒకటిగా గుర్తించింది. ఆ చట్టం 58వ సెక్షన్ ప్రకారం ఏ జిల్లాలో ఇచ్చిన వైకల్య ధ్రువపత్రమైనా దేశమంతటా చెల్లుతుంది. కాబట్టి ధ్రువపత్రం మీరుండే జిల్లాలో తీసుకోండి. సేవ మాత్రం మీ బిడ్డ భాష తెలిసినవారు ఉన్నచోట పొందండి. ఈ రెండూ ఒకేచోట జరగాలన్న నియమం లేదు.

ధ్రువపత్రం వచ్చేదాకా ఆగనక్కరలేదు

చాలామంది తల్లిదండ్రులు ముందు సర్టిఫికెట్, తర్వాతే చికిత్స అనుకుని నెలల తరబడి ఎదురుచూస్తారు. మాట నేర్పే స్పీచ్ థెరపీకి, ప్రవర్తన శిక్షణకు, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీకి ధ్రువపత్రం అవసరం లేదు. మూడేళ్ల బిడ్డ విషయంలో పోయిన ఆరు నెలలు తిరిగి రావు. అనుమానం కలిగిన వారంలోనే చూపించడం మొదలుపెట్టండి, కాగితాల పని పక్కన నడుస్తుంది.

18 ఏళ్లలోపు వారికి దగ్గరి దారి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. 2013లో మొదలైన ఈ పథకం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి. అనుమానం ఉన్నవారిని డీఈఐసీ అనే బాలల సత్వర చికిత్స కేంద్రానికి పంపుతాయి. బృందం వచ్చేదాకా ఆగకుండా మీరే అంగన్‌వాడీ కార్యకర్తను గానీ ఆశా కార్యకర్తను గానీ అడిగి పంపమనవచ్చు.

ఆ పైస్థాయిలో ఉండేవి బోధనాసుపత్రులు, విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా కోర్సులు నడిపే జాతీయ సంస్థలు. ఈ ప్రాంతానికి అందుబాటులో బరంపురంలో మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్య కళాశాల, కోరాపుట్‌లో 2017లో మొదలైన సహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల, విశాఖలో ఆంధ్ర వైద్య కళాశాల ఆసుపత్రులు ఉన్నాయి. తెలుగులోనే పూర్తి అంచనా, శిక్షణ కావాలంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీని గుర్తుంచుకోండి. 1984లో ఏర్పడిన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థే ఆటిజాన్ని కొలిచే భారతీయ ప్రమాణం ఇసాను రూపొందించింది. ఒడిశా వైద్యులు ధ్రువపత్రం కోసం వాడేదీ ఆ కొలమానమే.

దరఖాస్తు ఎలా నింపాలి

ఆంధ్రలోని బంధువులు సదరం, అంటే అక్కడి వైకల్య ధ్రువపత్రాల శిబిరం, స్లాటు గురించి చెబుతారు. ఆ పద్ధతి ఒడిశాలో లేదు. ఇక్కడ కేంద్ర ప్రభుత్వ స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు కోసం దరఖాస్తు చేయాలి, ధ్రువపత్రం, కార్డు రెండూ ఆ ఒక్క దరఖాస్తుతోనే వస్తాయి. ప్రభుత్వానికి కట్టాల్సిన రుసుమేమీ లేదు. ఇంట్లో కుదరకపోతే మో సేవా కేంద్రలోనో జనసేవా కేంద్రలోనో చేయించుకోవచ్చు, వారు తమ పనికి కొంత తీసుకుంటారు. మైనరు తరఫున తల్లిదండ్రులు దరఖాస్తు చేస్తారు. తానే చేసుకోలేని పెద్దవారి తరఫున చట్టబద్ధ సంరక్షకులు చేయవచ్చు.

ఆరు నెలలలోపు తీసిన ఫోటో, ఆధార్, చిరునామా రుజువు, ఇప్పటిదాకా చూపించిన చోట్ల ఇచ్చిన రిపోర్టులు దగ్గర పెట్టుకోండి. అసలు జాగ్రత్త పేరు దగ్గర కావాలి. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగానే ఉంటుంది. ఒడిశా బడి రికార్డుల్లో అది చివరికి వెళుతుంది, లేదా పూర్తిగా రాస్తారు. జనన ధ్రువపత్రంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా, బడి రిజిస్టరులో మరోలా ఉంటే ఇప్పుడు ఎవరూ పట్టించుకోకపోవచ్చు. బిడ్డకు 18 ఏళ్లు వచ్చి పింఛను, కాలేజీ సీటు, బ్యాంకు ఖాతా అంటూ తిరిగేటప్పుడు అదే పెద్ద అడ్డంకి. ముందు ఆధార్‌లో పేరు సరిచేయించి, అందులో ఉన్నట్టే దరఖాస్తులో అక్షరం పొల్లుపోకుండా రాయండి.

ఆసుపత్రి ఎంచుకునే చోట కాసేపు ఆలోచించండి. నివసించే జిల్లాలోని వైద్యాధికారికి గానీ, ఆ వైకల్యానికి చికిత్స పొందుతున్న ప్రభుత్వ ఆసుపత్రికి గానీ దరఖాస్తు చేసుకోవచ్చని 2017 నాటి నిబంధనలు చెప్పాయి. అయినా నా సలహా సొంత జిల్లాయే. మధుబాబు పింఛను లాంటి ఒడిశా పథకాలు ఒడిశా నివాసులకే అందుతాయి. ధ్రువపత్రం ఒక రాష్ట్రానిది, నివాసం ఇంకో రాష్ట్రానిది అయితే ప్రతి కార్యాలయంలోనూ వివరణ ఇచ్చుకోవాలి. శ్రీకాకుళంలోని మేనమామ ఇంటి చిరునామాకు ఆధార్ మార్చే ఆలోచన ఉంటే దయచేసి మానుకోండి.

పంపగానే వచ్చే నమోదు సంఖ్యను కాగితం మీద రాసి ఉంచండి, దరఖాస్తు ఎంతవరకు వచ్చిందో ఆ సంఖ్యతోనే తెలుస్తుంది.

వైద్య బోర్డు ముందు

దరఖాస్తు చేరాక ధ్రువపత్రం ఇచ్చే వైద్యుల బోర్డు బిడ్డను ఇసాతో కొలుస్తుంది. అందులో 40 అంశాలుంటాయి. ఇతరులతో కలవడం, భావోద్వేగాలు, మాట, ప్రవర్తన, ఇంద్రియాల స్పందన, గ్రహింపు అనే ఆరు విభాగాల్లో ఒక్కో అంశానికి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేదని, 153 దాటితే తీవ్రమని లెక్క. బిడ్డను చూసి, మాట్లాడించి, తల్లిదండ్రులను అడిగి ఈ మార్కులు వేస్తారు. అంటే మీరు చెప్పే మాటకు ఇందులో చాలా విలువ ఉంది.

భాష దెబ్బతీసేది ఇక్కడే. ఇంట్లో తెలుగు వినే నాలుగేళ్ల పిల్లవాడు ఒడియాలో అడిగిన ప్రశ్నకు బదులివ్వకపోతే అది ఆటిజమా, భాష అర్థం కాకపోవడమా? ఎదుటివారికి ఎలా తెలుస్తుంది? కాబట్టి లోపలికి వెళ్లగానే మొదటి మాటగా మా ఇంటి భాష తెలుగు అని చెప్పండి, రికార్డులో రాయమని అడగండి. రెండు భాషలూ వచ్చిన మనిషిని తీసుకెళ్లండి, కానీ ఆ మనిషి అనువదించాలే తప్ప బిడ్డ బదులు జవాబు చెప్పకూడదు. ఫోనులో ఇంటి వీడియోలు కొన్ని ఉంచుకోండి: బిడ్డ భోజనం చేస్తున్నప్పుడు, ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు, చుట్టాలు వచ్చినప్పుడు, కుక్కర్ విజిల్ వినిపించినప్పుడు ఎలా ఉంటాడో అవి చెబుతాయి.

బెదిరించి కుదురుగా కూర్చోబెట్టకండి. డాక్టరు ముందు బుద్ధిమంతుడిలా కనిపించాలని మనకు ఉంటుంది, అది సహజం. కానీ ఆ రోజు వైద్యులు చూడాల్సింది రోజూ ఇంట్లో ఉండే బిడ్డనే.

వైకల్యం 40 శాతం గానీ అంతకు మించి గానీ ఉంటే చాలా పథకాలకు, రిజర్వేషన్లకు అర్హత వస్తుంది. 2024 సవరణ ప్రకారం యూడీఐడీ కార్డుల రంగులు ఇలా ఉంటాయి: 40 శాతం లోపు తెలుపు, 40 నుంచి 80 దాకా పసుపు, ఆ పైన నీలం. చిన్నపిల్లలకు ఇచ్చే ధ్రువపత్రానికి గడువు ఉంటే ఆ తేదీకి ముందే మళ్లీ చూపించాలి. శాతం తగ్గించారనో అన్యాయంగా తిరస్కరించారనో అనిపిస్తే 90 రోజుల్లోగా అప్పీలు చేసుకునే హక్కు ఉంది. తిరస్కరణకు కారణం రాతపూర్వకంగా తీసుకోండి, అది లేకుండా అప్పీలులో చెప్పడానికేమీ ఉండదు.

విశ్వవిద్యాలయ క్లినిక్‌లో నమోదు

బోధనాసుపత్రిలో ముందు ఓపీ చీటీ, తర్వాత మనోవైద్య విభాగం లేదా పిల్లల విభాగం. మొదటిరోజు వివరాల నమోదే ఎక్కువ: గర్భం నాటి సంగతులు, తొలి మాట, తొలి నడక, వచ్చి పోయిన మాటలు. ఇవి తల్లికో అమ్మమ్మకో బాగా గుర్తుంటాయి, వారినే తీసుకెళ్లండి.

ఇలాంటి చోట సేవలు చాలావరకు శిక్షణలో ఉన్న విద్యార్థుల చేతుల మీదుగా, సీనియర్ల పర్యవేక్షణలో జరుగుతాయి. దాని గురించి బెంగ పడకండి, వారు ఓపికగా ఎక్కువసేపు కూర్చుంటారు. ఎవరి పర్యవేక్షణలో జరుగుతోందో మాత్రం అడిగి తెలుసుకోండి. పరిశోధన కోసం వేరే సమ్మతి పత్రం ఇస్తే అది చికిత్స పత్రం కాదని గుర్తించండి. పరిశోధనలో చేరడం పూర్తిగా మీ ఇష్టం. వద్దన్నంత మాత్రాన చికిత్స ఆపకూడదు.

గుణుపురం నుంచో మల్కన్‌గిరి నుంచో వారానికి మూడుసార్లు విశాఖ వెళ్లడం ఏ కుటుంబానికీ సాధ్యం కాదు. అందుకే క్లినిక్‌లో నమోదు చేయించుకునేటప్పుడే ఇంట్లో చేయించే శిక్షణ కావాలని చెప్పండి. తల్లిదండ్రులకు కొన్నాళ్లు నేర్పి, చేయాల్సినవి రాసిచ్చి, నెలకో రెండు నెలలకో ఒకసారి చూసే పద్ధతి ఉందా అని అడగండి.

కాలేజీ విద్యార్థులకు

ఇంటర్మీడియట్ దాటిన ఆటిజం విద్యార్థులకు తమ హక్కులు తెలియకపోవడం నన్ను బాధించే విషయం. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్నవారికి కనీసం 5 శాతం సీట్లు, గరిష్ఠ వయసులో 5 ఏళ్ల సడలింపు 32వ సెక్షన్ ఇచ్చింది. బరంపురం విశ్వవిద్యాలయం, కోరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం అన్నీ ఈ పరిధిలోవే. ప్రవేశ దరఖాస్తులో దివ్యాంగుల గడి నింపి యూడీఐడీ నకలు జతచేయండి.

చేరాక సమాన అవకాశాల విభాగానికి ఒక లేఖ రాయాలి. ఆటిజం ఉందని రాసి ఊరుకోకుండా ఏం కావాలో చెప్పండి: తరగతిలో శబ్దం తక్కువగా ఉండే చోటు, నోటితో చెప్పే సూచనలు రాతలో, టైమ్ టేబుల్ మారితే ముందుగా సమాచారం, పరీక్షకు విడి గది. కేంద్రం 2018 ఆగస్టులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రాత పరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఉంటుంది, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. చేతిరాత కష్టమై లేఖకుడు కావాలంటే ప్రభుత్వ ఆసుపత్రి సూపరింటెండెంట్ స్థాయి వైద్యాధికారి నుంచి విడిగా ధ్రువపత్రం తేవాలి. దీన్ని పరీక్ష ఫీజు కట్టేటప్పుడే ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

పెద్దవారికి

ధ్రువపత్రానికి గరిష్ఠ వయసు లేదు. ముప్పై ఏళ్లో నలభై ఏళ్లో వచ్చాక గుర్తించినా అదే పోర్టల్, అదే పద్ధతి. చిన్ననాటి సంగతులు చెప్పగల అన్ననో అక్కనో వెంట తీసుకెళ్లండి, పాత ప్రోగ్రెస్ కార్డులున్నా పనికొస్తాయి.

18 నిండినవారికి చట్టబద్ధ సంరక్షకులు కావాలంటే 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ నేతృత్వంలోని స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేయాలి. అసలు సంరక్షకులు అవసరమా, ఏయే పనులకు అవసరం అన్నది కమిటీ పరిశీలించాలని చట్టం చెబుతుంది. తన డబ్బు, తన సంతకం తానే చూసుకోగల మనిషికి ఈ దరఖాస్తు పెట్టకండి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా మాత్రం అందరూ తీసుకోదగ్గది. వయసు పరిమితి లేదు, చేరే ముందు వైద్య పరీక్షలూ లేవు, ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు బీమా నుంచి తిరిగి వస్తుంది, థెరపీ ఖర్చుకూ అందులో చోటు ఉంది. ట్రస్ట్‌లో నమోదైన సంస్థ ద్వారా చేరి, ప్రతి ఏటా గడువు ముగిసేలోపు పునరుద్ధరించుకోవాలి. మీ జిల్లాలో ఆ సంస్థ ఏదో జిల్లా సామాజిక భద్రతా అధికారి కార్యాలయంలో అడగండి.