మీ ఊరి మిట్టమధ్యాహ్నం ఎన్ని గంటలకు? లెక్కతో, నీడతో తేల్చుకునే పద్ధతి

గోడ గడియారం పన్నెండు చూపిస్తే మధ్యాహ్నం అయినట్టే అనుకుంటాం. కానీ ఫిబ్రవరి 11న అనంతపురంలో అప్పటికి సూర్యుడు ఆ రోజు ఎక్కాల్సిన ఎత్తుకు చేరడానికి ఇంకా 34 నిమిషాలు ఉంటుంది. నవంబరు 3న అయితే మూడే నిమిషాలు. ఇంగ్లీషులో నూన్ అన్నా, మనం పన్నెండు గంటలు అన్నా, ఒకే మాటకు మూడు అర్థాలున్నాయి. ముహూర్తం చూసుకునేటప్పుడు, పునాదికి దిక్కులు పెట్టేటప్పుడు, సోలార్ పలకలు బిగించేటప్పుడు ఏ పన్నెండు గురించి మాట్లాడుతున్నామో తెలియకపోతే తప్పు జరుగుతుంది.

మొదటిది గడియారం పన్నెండు. ఇది 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానికి కట్టిన భారత ప్రామాణిక కాలం. ఆ రేఖ ఉత్తరప్రదేశ్‌లో మిర్జాపూర్ దాపుల నుంచి, మన రాష్ట్రంలో కాకినాడ దాపుల నుంచి పోతుంది. 1906 జనవరి 1 నుంచి ఇది అమల్లో ఉంది. దానికి ముందు రైళ్లు మద్రాసు టైముతో నడిచేవి. రెండోది మీ ఊరి సగటు పన్నెండు. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఆ రేఖకు ఎంత పడమరగా ఉంటే అంత ఆలస్యం. మూడోది సూర్యుడు నిజంగా మధ్యరేఖ, అంటే మన నెత్తి మీదుగా ఉత్తర దక్షిణాలను కలిపే ఊహాగీత, దాటే క్షణం. నీడకు తెలిసింది ఈ మూడోది ఒక్కటే. మనకు కావలసిందీ చాలాసార్లు ఇదే.

ముందు లెక్క చూద్దాం. 82.5 నుంచి మీ ఊరి రేఖాంశం తీసేసి, మిగిలినదాన్ని 4తో హెచ్చించండి. అనంతపురం 77.60 డిగ్రీలు, అంటే తేడా 4.90, ఆలస్యం 19 నిమిషాల 36 సెకన్లు. కర్నూలు 78.04, ఆలస్యం 17 నిమిషాల 50 సెకన్లు. కడప 78.82, ఆలస్యం 14 నిమిషాల 43 సెకన్లు. మండలాల్లో ఉండేవాళ్లు ఫోన్‌లో మ్యాపు తెరిచి తమ ఊరి మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. ఈ రెంటినీ తారుమారు చేసుకుని లెక్క మొత్తం చెడగొట్టుకునేవాళ్లు చాలామంది.

దీనికి సూర్యుడి సొంత తేడా కలపాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి సరైన వృత్తం కాదు, పైగా భూమి ఇరుసు 23.4 డిగ్రీలు వాలి ఉంది. అందుకే సూర్యుడు కొన్ని నెలలు వెనకబడతాడు, కొన్ని నెలలు ముందుంటాడు. ప్రతి నెలా 15వ తేదీకి తేడా సుమారుగా ఇలా ఉంటుంది. ఆలస్యమయ్యేవి: జనవరి 9 నిమిషాలు, ఫిబ్రవరి 14, మార్చి 9, జులై 6, ఆగస్టు నాలుగున్నర. ముందుండేవి: మే మూడున్నర పైన, సెప్టెంబరు 5, అక్టోబరు 14, నవంబరు 15½, డిసెంబరు 5. ఏప్రిల్, జూన్ నడుమ తేదీల్లో తేడా లేనట్టే. ఆలస్యమైతే కలపండి, ముందుంటే తీసేయండి.

ఈ లెక్కన ఫిబ్రవరి 11 ప్రాంతంలో నిజ మధ్యాహ్నం అనంతపురంలో 12:34కు, కర్నూలులో 12:32కు, కడపలో 12:29కి. నవంబరు 3 ప్రాంతంలో వరసగా 12:03, 12:01, 11:58. అక్టోబరు 20 నుంచి నవంబరు 17 దాకా కడపలో సూర్యుడు గడియారం కన్నా ముందే మధ్యాహ్నం చేసేస్తాడు. అనంతపురం, కర్నూలు పట్టణాల్లో ఏడాది మొత్తంలో ఏ రోజూ అలా జరగదు.

లెక్క ఎంత సరిగ్గా వేసినా ఒకసారి కళ్లారా కొలిచి చూడడం మంచిది. కొలిస్తే మధ్యాహ్నంతో పాటు ఉత్తర దక్షిణాలు కూడా దొరుకుతాయి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం మూడున్నర దాకా చెట్టు నీడా, గోడ నీడా పడని చోటు చూసుకోండి. మూడడుగుల చదరపు బండ ఒకటి కావాలి. బేతంచెర్ల బండ లేత రంగుది కాబట్టి దాని మీద నీడ చక్కగా కనిపిస్తుంది. కడప నల్లబండే ఉంటే సున్నం పూయండి, లేకపోతే నీడ అంచు తెలియదు. బండ కింద ఇసుక పరిచి, రసమట్టం పెట్టి రెండు వైపులా సరిచూసుకోవాలి. బండ ఒక డిగ్రీ తూర్పుకో పడమరకో వాలినా మధ్యాహ్నం కొన్ని నిమిషాలు పక్కకు పోతుంది. ఈ పనిలో వచ్చే తప్పుల్లో సగం ఇక్కడివే.

బండ నడుమ 30 సెంటీమీటర్ల నిటారు ఇనుప కడ్డీ నిలపండి. మేస్త్రీ దారానికి కట్టి వేలాడదీసే గుండుతో ఒకసారి తూర్పు నుంచి, ఒకసారి దక్షిణం నుంచి చూసి కడ్డీ నిలువు సరిచేయాలి. ఒక్క వైపు నుంచే చూస్తే రెండో వైపు వాలు తెలియదు. కడ్డీ మొదలు కేంద్రంగా నాలుగైదు వృత్తాలు గీయండి. డిసెంబరులో మన దగ్గర నడిమధ్యాహ్నం నీడే 23, 24 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి వృత్తాలు 28తో మొదలుపెట్టి 4 సెంటీమీటర్ల చొప్పున పెంచుకోవాలి. ఫిబ్రవరికి 20 నుంచి, ఎండాకాలానికి 12 నుంచి మొదలుపెడితే సరిపోతుంది.

నీడ అన్నిటికన్నా చిన్నగా ఉన్నప్పుడు టైము రాసుకుంటే చాలు కదా అనిపిస్తుంది. ఆ దారి పట్టొద్దు. ఫిబ్రవరిలో 30 సెంటీమీటర్ల కడ్డీ నీడ మధ్యాహ్నానికి పది నిమిషాల ముందుకూ మధ్యాహ్నానికీ ఒక మిల్లీమీటరు కూడా మారదు. ఎప్పుడు చిన్నదయిందో కంటికి ఆనదు. అందుకని పొద్దున ఒక కొలత, మధ్యాహ్నం తర్వాత మరో కొలత తీసుకుని నడిమి క్షణం తేల్చాలి. శంకువు, అంటే ఇలాంటి నిటారు కడ్డీ, నిలిపి దిక్కులు సాధించే పాత శాస్త్ర పద్ధతి కూడా ఇదే.

పొద్దున నీడ కొన లోపలికి జరుగుతూ ఒక్కో వృత్తాన్ని తాకగానే అక్కడ పెన్సిల్‌తో చుక్క పెట్టి, ఫోన్ టైము సెకన్లతో సహా రాసుకోండి. ఫోన్‌లో టైము నెట్‌వర్క్ నుంచి తీసుకునేలా పెట్టి ఉండాలి. మధ్యాహ్నం దాటాక కొన బయటికి జరుగుతూ అదే వృత్తాన్ని తాకినప్పుడు మళ్లీ చుక్క, మళ్లీ టైము. ఉదాహరణకు అనంతపురంలో ఫిబ్రవరి 11న 24 సెంటీమీటర్ల వృత్తాన్ని 10:50:40కి, 2:17:20కి తాకిందనుకోండి. నడిమి క్షణం 12:34:00. 28 సెంటీమీటర్ల వృత్తానికి 10:25:10, 2:43:50 వస్తే నడిమి క్షణం 12:34:30. రెంటి సగటు 12:34:15. వృత్తాలు ఎక్కువ గీయమన్నది ఇందుకే. ఒకదాని వేళకు మబ్బు కమ్మినా మరొకటి పనికొస్తుంది. ఒకటి మిగతావాటితో రెండు నిమిషాలకు మించి తేడా కొడితే దాన్ని వదిలేయండి.

నీడ కొన అలుక్కుపోయినట్టు ఉండడం ఇంకో ఇబ్బంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. ఈ కడ్డీకి నీడ కొన దగ్గర నాలుగైదు మిల్లీమీటర్లు మసకగా ఉంటుంది. కడ్డీ కొనకు చిన్న రేకుముక్క బిగించి దానికి 3 మిల్లీమీటర్ల బెజ్జం వేస్తే నీడలో ఒక వెలుగుచుక్క పడుతుంది. ఆ చుక్క నడిమి గుర్తించడం చాలా తేలిక. అయితే వృత్తాలకు కేంద్రం అప్పుడు కడ్డీ మొదలు కాదు. బెజ్జం నుంచి గుండు వేలాడదీస్తే బండ మీద ఎక్కడ ఆనుతుందో అదే కేంద్రం. అది మరిచిపోతే చేసిన కొలతంతా వృథా.

ఒక వృత్తం మీది రెండు చుక్కలను కలిపితే తూర్పు పడమర గీత. దానికి నడిమిలో లంబం గీస్తే ఉత్తర దక్షిణాలు. పొద్దున పెట్టిన చుక్క ఎప్పుడూ పడమర వైపే ఉంటుందని గుర్తుంచుకోండి. మధ్యాహ్నపు నీడ ఉత్తరానికే పడుతుందన్న నమ్మకంతో దిక్కు పెడితే మే, జూన్, జులైల్లో ఇల్లు తలకిందులవుతుంది. అనంతపురం 14.68 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ 30 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారు కడ్డీకి మధ్యాహ్నం నీడే ఉండదు. అప్పటి నుంచి ఆగస్టు 13 ప్రాంతం దాకా నీడ దక్షిణానికి పడుతుంది. కడపకూ ఇంచుమించు అవే తేదీలు. కర్నూలుకు మే 4, ఆగస్టు 9 ప్రాంతాలు. జూన్ 21న అనంతపురంలో మీటరు కర్రకు దక్షిణంగా 15 సెంటీమీటర్ల నీడ కనిపిస్తుంది.

దిక్సూచి ఉంటే చాలదా అంటే, ఇనుప చువ్వల కట్టలు పడి ఉన్న సైటులో దాని ముల్లును నమ్మలేం. నీడకు ఆ బెడద లేదు. సోలార్ పలకలు కూడా ఈ గీత ప్రకారమే దక్షిణానికి తిప్పాలి.

అభిజిత్ ముహూర్తం చాలామంది ఏడాది పొడుగునా 11:36 నుంచి 12:24 అని రాసుకుంటారు. అది సూర్యోదయం ఆరుకూ, అస్తమయం ఆరుకూ అయ్యే ఊరి లెక్క. అసలు సూత్రం పగటిని 15 భాగాలు చేసి ఎనిమిదోది తీసుకోవడం. దాని నడుమ నిజ మధ్యాహ్నం ఉంటుంది. ఫిబ్రవరి 11న అనంతపురంలో పగలు సుమారు 11 గంటల 37 నిమిషాలు, ఒక్కో భాగం 46 నిమిషాల పైన. అంటే అభిజిత్ 12:11 నుంచి 12:57 దాకా. 11:40కి తాళి కట్టిస్తే అది అభిజిత్‌లో పడనే లేదు. జొహర్ నమాజు వేళ కూడా సూర్యుడు మధ్యరేఖ దాటాకే మొదలవుతుంది కాబట్టి దానికీ ఇదే లెక్క వర్తిస్తుంది.

పంచాంగం వేరే ఊరికి కట్టినదైతే ఏది మార్చాలో ఏది మార్చకూడదో తెలియాలి. తిథి, నక్షత్రం ముగిసే గడియారం టైము దేశమంతటికీ ఒకటే, దాన్ని కదపకండి. సూర్యోదయం మీద ఆధారపడే రాహుకాలం, దుర్ముహూర్తం, అభిజిత్ మాత్రం మార్చాలి. రాజమండ్రి రేఖాంశం 81.8 డిగ్రీలు. అక్కడికి కట్టిన పంచాంగం అనంతపురంలో వాడితే ఇవన్నీ సుమారు 17 నిమిషాలు వెనక్కి జరుగుతాయి, అంటే ఆలస్యంగా వస్తాయి. హైదరాబాద్‌కు కట్టినదైతే మధ్యాహ్నంలో తేడా మూడున్నర నిమిషాలే. కానీ హైదరాబాద్ ఉత్తరంగా ఉండడం వల్ల ఉదయాస్తమయాల్లో ఆ తేడా కాలాన్ని బట్టి ఇంకాస్త పెరుగుతుంది, తగ్గుతుంది. పంచాంగంలో టైము గడియల్లో ఇస్తే అవి ఆ ఊరి సూర్యోదయం నుంచి లెక్క. గడియ 24 నిమిషాలు, విఘడియ 24 సెకన్లు. తిథి 20 గడియల 15 విఘడియలని ఉంటే 8 గంటల 6 నిమిషాలు. దాన్ని ముందు పంచాంగం కట్టిన ఊరి సూర్యోదయానికే కలిపి గడియారం టైముకు మార్చుకోండి. మీ ఊరి సూర్యోదయానికి కలిపితే తిథి ముగింపు తప్పుతుంది.