ఆక్లాండ్‌లో ఐఈఎల్‌టీఎస్: నా చెవిని సరిచేసుకున్న తీరు

హనుమకొండలో పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివిన నాకు, న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో రాసిన ఆంగ్ల పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, విని రాసే లిజనింగ్ భాగంలో 6 బ్యాండ్ (స్కోరు) మాత్రమే వచ్చింది, కావలసినది 7. దెబ్బతీసినది వ్యాకరణం కాదు, అచ్చులు. న్యూజిలాండ్ వారు ‘పెన్’ అంటే మన చెవికి ‘పిన్’ అని వినిపిస్తుంది. దుకాణంలో ఒకామె ‘టెన్’ డాలర్లు అడిగితే, ‘టిన్’ అనుకొని నేను డబ్బాల వైపు చూశాను.

అక్కడి మూలవాసుల భాష మావోరీ 1987 నుంచి అధికార భాష కనుక ఊర్ల పేర్లు మరో చిక్కు. ఆ పేర్లలోని ‘డబ్ల్యూహెచ్’ అక్షరాలను చాలాచోట్ల ‘ఫ’ అని పలుకుతారు.

అందుకే రోజూ ఉదయం ఇరవై నిమిషాలు రేడియో న్యూజిలాండ్ వార్తలను మొదట ఆపకుండా విని, రెండోసారి అంకెలు, పేర్లు మాత్రమే కాగితంపై రాసుకొని, తప్పిన ప్రతి అచ్చునూ ఎర్ర సిరాతో గుర్తించాను. లిజనింగ్‌లోని 40 ప్రశ్నలలో అక్షరదోషానికీ మార్కు పోతుంది కనుక బహువచనపు చివరి ‘ఎస్’నూ విడిగా సరిచూసుకున్నాను, దాన్ని వదిలేయడమే నా పాత జబ్బు.

రెండు నెలల తరువాత 7.5 వచ్చింది. ఫోనులో అమ్మ మాత్రం, “బిడ్డా, నువ్వు ‘టెన్’ను ‘టిన్’ అంటున్నవేంది?” అని అడిగింది.