ఎండ ఊళ్ళలో అల్లిక: ఊలు పక్కన పెట్టి నూలుతో మొదలుపెట్టండి

అల్లిక నేర్చుకుంటామంటే ఎవరైనా మొదట చెప్పేది మఫ్లర్. ఆ సలహా మంచు కురిసే ఊళ్ళది. మన ఎండల్లో ఒళ్ళో ఊలు పెట్టుకుని ఐదడుగుల పొడవు అల్లడం మాటలు కాదు. అల్లినా దాన్ని కట్టుకునే రోజులు ఏడాదికి ఎన్ని? అడుగు పొడవయ్యేసరికి సూదులతో సహా అల్మారా పైఅరకు చేరుతుంది. రెండు మూడు సాయంత్రాల్లో పూర్తయి, మర్నాటి నుంచే వంటింట్లోనో స్నానాల గదిలోనో వాడుకునేది మొదలుపెట్టండి. దానికి నూలే సరి.

నూలుకు ఒక మొండితనం ఉంది, అది ఊలులా సాగదు. ఊలులో కుట్టు కాస్త అటూ ఇటూ అయినా ఒక ఉతుకుతో సర్దుకుంటుంది, నూలులో ఎలా వేస్తే అలాగే ఉండిపోతుంది. అందుకే మొదట చిన్న చదరాలు అల్లాలి. తప్పు ఎక్కడ పడిందో వెంటనే కనిపిస్తుంది, విప్పినా పోయేది అరగంటే.

ఏం కొనాలి

8 ప్లై (దారం లావును చెప్పే లెక్క) కాటన్ దారం, 100 గ్రాములకు సుమారు 200 మీటర్లు వచ్చేది తీసుకోండి. మెరుపు లేని మెత్తటి రకమైతే తుడిచే గుడ్డలకు బాగుంటుంది. ఊలు దుకాణంలో కాటన్ అని ఇచ్చినదాని మీద అనుమానం వస్తే చిన్న పోగు తుంచి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల వెలిగించి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. అక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. నర్సాపురం లేసుకు వాడే క్రోషా దారం కూడా నూలే, కానీ కొక్కెం సూదికి తగ్గ సన్నం. మామూలు అల్లిక సూదులతో వేస్తే దోమతెరలా తేలిపోతుంది. నాలుగైదు పోగులు కలిపి అల్లవచ్చు గానీ సూది పోగుల మధ్యలో దూరి విసిగిస్తుంది, మొదటిసారికి వద్దు.

సూదుల నంబర్ల దగ్గర చాలామంది బోల్తా పడతారు. మన దుకాణాల్లో దొరికే సూదుల మీద ఉండేది పాత బ్రిటిష్ లెక్క, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నమవుతుంది. 10 నంబరు 3.25 మిల్లీమీటర్లు, 8 నంబరు 4, 6 నంబరు 5. అమెరికా లెక్క దీనికి తలకిందులు, అక్కడ 8 నంబరు అంటే 5 మిల్లీమీటర్లు. అమెరికా వీడియోలో చెప్పిన 8 నంబరు చూసి ఇక్కడ సూదులు కొంటే అల్లిక బిగుసుకుపోతుంది. కొనేటప్పుడు మిల్లీమీటర్లే అడగండి. మొదటి జతకు 4 మిల్లీమీటర్లు చాలు. చేతులకు చెమట పట్టేవాళ్ళు వెదురు సూదులు తీసుకుంటే మంచిది, అల్యూమినియం సూది తడి చేతిలో దారాన్ని పట్టేస్తుంది. దారం ఉండను స్టీలు గిన్నెలో వేసి పక్కన పెట్టుకోండి. లేదంటే అది గదంతా దొర్లి నేల మీది దుమ్మంతా తెచ్చుకుంటుంది.

ఒక్క కుట్టు వస్తే చాలు

కింది వాటిలో ఎక్కువ భాగం నిట్ కుట్టుతోనే అయిపోతాయి. కుట్లున్న సూది ఎడమ చేతిలో ఉంటుంది. కుడి సూది మొనను మొదటి కుట్టులోకి ముందు నుంచి వెనక్కి గుచ్చండి. వెనక ఉన్న దారాన్ని కుడి మొన చుట్టూ, గడియారం ముల్లుకు ఎదురు దిశలో ఒకసారి తిప్పండి. ఆ చుట్టును కుట్టులోంచి ముందుకు లాగి, పాత కుట్టును ఎడమ సూది మీంచి జార్చేయండి. అంతే. కుట్లు ఎక్కించడానికీ ఇదే కదలిక: ముందు ఒక జారుముడి వేసి ఎడమ సూదికి తొడగండి, అందులోంచి చుట్టు లాగండి, పాతదాన్ని జార్చకుండా కొత్తదాన్ని కూడా ఎడమ సూదికే తొడగండి. ప్రతి వరసా నిట్ అల్లితే రెండు వరసలకు ఒక గట్టు లేస్తుంది. ఈ అల్లిక బల్లపరుపుగా పడుంటుంది. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ (నిట్‌ను తిరగేసిన కుట్టు) వేస్తే అందంగా నున్నగా వస్తుంది గానీ అంచులు చాపలా చుట్టుకుపోతాయి, తుడుపు గుడ్డకు పనికిరాదు.

గిన్నెలు తుడిచే గుడ్డ

దీన్ని మూల నుంచి మూలకు అల్లుతారు. కొలతతో పనిలేదు, కుట్లు పెంచడం, తగ్గించడం రెండూ ఒకే దానిలో వస్తాయి. 50 గ్రాముల దారం సరిపోతుంది.

4 కుట్లు ఎక్కించి ఒక వరస నిట్ అల్లండి. తర్వాతి వరస నుంచి: 2 నిట్, దారాన్ని రెండు సూదుల మధ్య నుంచి ముందుకు తెచ్చి సూది మీదుగా వెనక్కి వేయండి, మిగిలినవన్నీ నిట్. ఆ వేసిన దారం తర్వాతి వరసలో ఒక కుట్టుగా లెక్కకొస్తుంది, దాని కింద చిన్న చిల్లు పడుతుంది. వరసకు ఒక్కో కుట్టు చొప్పున 54 అయ్యేదాకా ఇదే వరస.

ఇప్పుడు తగ్గించాలి: 1 నిట్, రెండు కుట్లు కలిపి ఒక నిట్, దారం ముందుకు తెచ్చి సూది మీదుగా, మళ్ళీ రెండు కలిపి ఒకటి, మిగిలినవన్నీ నిట్. 4 కుట్లు మిగిలాక ముగించండి. రెండు నిట్ అల్లి మొదటిదాన్ని రెండోదాని మీంచి దాటించి వదలండి, ఇంకొకటి అల్లండి, దాటించండి. చివరి కుట్టులోంచి దారం తెంపి లాగేయండి. అంగుళానికి 5 కుట్లు పడితే పక్క కొలత సుమారు ఏడున్నర అంగుళాలు వస్తుంది, నాలుగు అంచులా చిల్లుల బోర్డరు దానంతట అదే ఏర్పడుతుంది.

దారం చాలదేమోనన్న భయముంటే మొదలుపెట్టే ముందు ఉండను వంటింటి తూకంలో తూచండి. సగం బరువు అయిపోకముందే, 54 రాకపోయినా సరే, తగ్గించడం మొదలుపెట్టండి. రెండో సగం మొదటిదానికి అద్దం లాంటిదే కాబట్టి అంతే దారం తింటుంది.

ఎక్కడ తప్పుతుంది

కుట్లు లెక్కకు మించి పెరుగుతుంటే వరస మొదట్లో చూడండి. దారం సూది మీదుగా వెనక్కి వెళ్ళి ఉంటే మొదటి కుట్టు పైకి లేచి, దాని రెండు కాళ్ళూ రెండు కుట్లలా కనిపిస్తాయి. రెండింటినీ అల్లేస్తే ఒకటి అదనం. వరస మొదలుపెట్టే ముందు దారాన్ని సూది కిందుగా వెనక్కి పెట్టండి. వరస మధ్యలో అనుకోని చిల్లు పడితే దారం ముందువైపు ఉండగా నిట్ వేశారన్నమాట.

సూది కుట్టులోకి దూరకపోతే తప్పు చేతిది కాదు, మొనది. మొన దగ్గర సన్నగా ఉండే చోటే కుట్టు వేసి వదిలేస్తే అది చిన్నదవుతుంది. ప్రతి కుట్టునూ సూది లావుపాటి భాగం దాకా జరపండి. నూలు సాగదు కాబట్టి ఈ తప్పును ఊలు క్షమించినట్టు క్షమించదు. కుట్టు జారి కిందికి దిగిపోతే కంగారుపడి సూదులు లాగకండి. జారిన కుట్టుకు వెంటనే పిన్నీసు పెట్టి, క్రోషా కొక్కెంతో ఒక్కో మెట్టే పైకి ఎక్కించుకోండి.

దారం మధ్యలో అయిపోతే ముడి వేయవద్దు, తడిసి ఆరేసరికి విడిపోతుంది. వరస చివర ఆరంగుళాల తోక వదిలి కొత్త దారంతో అల్లండి. తర్వాత మొద్దు మొన సూదితో ఆ తోకను ఒక దిక్కుకు కుట్టి, వెనక్కి తిప్పి ఇంకోసారి కుట్టండి. నూలు నునుపు, ఒక్క దిక్కే కుడితే బయటికొచ్చేస్తుంది.

చెయ్యి కుదిరాక

చెమర్చే మజ్జిగ గ్లాసు కింద పెట్టుకునే ముక్కకు 20 కుట్లు, 20 గట్లు చాలు, నాలుగంగుళాల చదరం వస్తుంది. ఇలాంటివి రెండు పెద్దవి అల్లి, ఒకదాని మీద ఒకటి వేసి కుడితే వేడి గిన్నె పట్టుకునే గుడ్డ. దానికి అక్రిలిక్ మాత్రం వాడకండి, వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది.

పర్ల్ నేర్చుకున్నాక వీపు రుద్దుకునే పట్టీ అల్లవచ్చు. 31 కుట్లు, ప్రతి వరసా ఒక నిట్, ఒక పర్ల్, చివర నిట్. కుట్ల సంఖ్య బేసి కాబట్టి నిట్ మీద పర్ల్ పడి గరుకుగా గింజలు తేలుతుంది. 24 అంగుళాలు చాలు, దారం సాగకపోయినా తడి బరువుకు అల్లిక ఇంకాస్త సాగుతుంది. 100 గ్రాముల ఉండ రెండు దగ్గర పెట్టుకోండి.

కూరల సంచికి 5 మిల్లీమీటర్ల సూదులు, 200 గ్రాముల దారం కావాలి. 48 కుట్లతో నిట్ అల్లుతూ, ప్రతి ఆరో వరసలో సూది చుట్టూ దారం రెండుసార్లు తిప్పండి. తర్వాతి వరసలో ఆ అదనపు చుట్టు వదిలేస్తే వల కన్నులు పడతాయి. 28 అంగుళాలు అయ్యాక మడిచి రెండు పక్కలా కుట్టేయండి. పిడికి 8 కుట్లు ఎక్కించి, ప్రతి వరసలో మొదటి కుట్టును అల్లకుండా కుడి సూదికి మార్చండి. పొడవు 10 అంగుళాలు దాటనివ్వకండి, రెండు కిలోల ఉల్లిపాయలు వేస్తే సంచి మోకాళ్ళ దాకా దిగుతుంది. పిడి లోపల ఒక నాడా కలిపి కుడితే సాగదు.

ముదురు ఎరుపు, నీలం దారాలు మొదటి ఉతుకులో రంగు దిగవచ్చు. అల్లే ముందే తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. వానాకాలంలో ఈ గుడ్డలను సింకు పక్కన ముద్దగా వదిలేస్తే వాసన పడతాయి, నీళ్ళు పిండేసి ఫ్యాను కిందైనా పరిచి ఆరేయండి.