క్రెడిట్లు వచ్చాయి, కోర్సు మాత్రం తీసుకోనివ్వడం లేదు: సీఎస్ ట్రాన్స్‌ఫర్ సమస్యలు - పరిష్కారాలు

అమెరికాలో ఒక నాలుగేళ్ల యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ (సీఎస్) మొదలుపెట్టి, ఏడాదో రెండేళ్లో చదివాక ఇంకో నాలుగేళ్ల యూనివర్సిటీకి మారుతున్నవాళ్ల కోసం రాస్తున్నాను. అప్లికేషన్, ఎస్సేలు, రికమండేషన్ లెటర్ల సంగతి మీకు తెలిసిందే. అసలు తిప్పలు సీటు వచ్చాకే మొదలవుతాయి.

సమస్య: అడ్మిషన్ వచ్చింది, సీఎస్ కోర్సులేవీ రిజిస్టర్ కావడం లేదు

అడ్మిషన్ లెటర్ తెరిచి మేజర్ (ప్రధాన సబ్జెక్టు) దగ్గర ఏం రాసుందో చదవండి. అక్కడ ప్రీ-మేజర్ అనో, అన్‌డిక్లేర్డ్ అనో ఉంటే మీకు యూనివర్సిటీలో సీటు వచ్చింది, సీఎస్‌లో రాలేదు. పెద్ద యూనివర్సిటీల్లో సీఎస్ సీట్లకు పరిమితి ఉంటుంది. వేరే మేజర్‌లో చేరి తర్వాత ఇందులోకి మారొచ్చన్న దారి చాలాచోట్ల బాగా ఇరుకైపోయింది. లెటర్ చదవడం రెండు నిమిషాల పని. అయినా డిపాజిట్ కట్టేశాక ఫోన్ చేసేవాళ్లే ఎక్కువ. దయచేసి కట్టకముందే లెటర్ చదవండి, అనుమానముంటే సీఎస్ డిపార్ట్‌మెంట్‌కే మెయిల్ పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

సమస్య: మేజర్ సీఎస్ అనే ఉంది, 58 క్రెడిట్లు ఒప్పుకున్నారు, అయినా ప్రీరిక్విజిట్ (ముందే చదివి ఉండాల్సిన కోర్సు) లేదంటోంది

ఎక్కువమందిని ముంచేది ఇదే. 58 అన్న అంకె చూసి ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ అంకెకు, డిగ్రీ ఎప్పుడు పూర్తవుతుందన్నదానికి పెద్దగా సంబంధం లేదు.

మీ పాత క్రెడిట్లను లెక్కగట్టి కొత్త యూనివర్సిటీ ఇచ్చే ఎవాల్యుయేషన్ షీట్‌లో ఎడమవైపు మీ పాత కోర్సు, కుడివైపు కొత్తచోట దానికి ఇచ్చిన పేరు ఉంటాయి. ఎడమవైపు డేటా స్ట్రక్చర్స్, బి ప్లస్, 3 క్రెడిట్లు అని ఉంటుంది. కుడివైపు చూస్తే సీఎస్ 2ఎక్స్ఎక్స్, ఎలెక్టివ్, 3 క్రెడిట్లు. నంబర్ ఉండాల్సిన చోట ఎక్స్‌లు ఉంటే, ఆ క్రెడిట్లు మొత్తంలో కలుస్తాయి కానీ ఏ కోర్సుకూ బదులుగా పనికిరావు. డేటా స్ట్రక్చర్స్ లేకపోతే అల్గారిథమ్స్ తెరుచుకోదు, చాలాచోట్ల ఆపరేటింగ్ సిస్టమ్స్ కూడా అంతే. వాటి వెనక సీనియర్ ప్రాజెక్ట్ ఉంటుంది. అందులో ఏదైనా ఫాల్ సెమిస్టర్‌లో (ఆగస్టులోనో సెప్టెంబర్‌లోనో మొదలయ్యేది) మాత్రమే చెబుతారంటే ఒక్క కోర్సు వల్ల ఏడాది పోతుంది, ఏడాది ఫీజుతో సహా.

ఎందుకిలా చేస్తారు? క్రెడిట్లు లెక్కపెట్టేది ఒక ఆఫీసు, సమానమో కాదో తేల్చేది డిపార్ట్‌మెంట్. మీ పాత కోర్సు వాళ్ల జాబితాలో ఇంతకుముందు లేకపోతే మొదటి ఆఫీసు దాన్ని ఎలెక్టివ్ కింద వేసేసి ఊరుకుంటుంది. రెండో కారణం ప్రోగ్రామింగ్ భాష. పర్డ్యూలో సీఎస్ 180 జావాలో, 240 సి లో చెబుతారు. జార్జియా టెక్‌లో 1301 పైథాన్, 1331 జావా. ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్‌లో డేటా స్ట్రక్చర్స్ కోర్సు 225 సి++ లో నడుస్తుంది. పైథాన్‌లో నేర్చుకొచ్చిన మనిషికి లింక్డ్ లిస్ట్ తెలియదని కాదు, పాయింటర్లూ మెమరీ మేనేజ్‌మెంటూ చేశాడా లేదా అని వాళ్లు చూస్తారు.

షీట్ వచ్చిన రోజే డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఏవి పూర్తయ్యాయో, ఏవి మిగిలాయో చూపించే పేజీ) తెరవండి. మొత్తం క్రెడిట్లు వదిలేసి, సీఎస్ వరస ఒక్కటే చూడండి: ప్రోగ్రామింగ్ 1, 2, డిస్క్రీట్ మ్యాథ్స్, డేటా స్ట్రక్చర్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్. ఎలెక్టివ్‌గా పడ్డ ప్రతిదానికీ రీ-ఎవాల్యుయేషన్ అడగాలి. క్యాటలాగ్‌లోని రెండు లైన్ల వివరణ పంపితే పని జరగదు. మీరు చదివిన సెమిస్టర్‌దే సిలబస్ కావాలి. అందులో వారం వారం చెప్పిన పాఠాలు, టెక్స్ట్‌బుక్, ఏ భాషలో చెప్పారు, ల్యాబ్ గంటలు కనబడాలి. మీరు రాసిన రెండు మూడు ప్రాజెక్టులూ జతచేయండి. పంపాల్సింది అడ్మిషన్స్ ఆఫీసుకు కాదు, సీఎస్ అండర్‌గ్రాడ్ అడ్వైజర్‌కు.

ఆ జవాబు రావడానికి వారాలు పట్టొచ్చు, ఈలోపు క్లాసులు నిండిపోతాయి. అందుకే ప్రీరిక్విజిట్ ఓవర్‌రైడ్‌ను (ఆ షరతు పక్కనబెట్టి కోర్సులో చేరనిచ్చే అనుమతి) విడిగా, అదే రోజు అడగండి. ఇవి రెండు వేర్వేరు అభ్యర్థనలు. ఒకటి అడిగితే రెండోది దానంతటదే రాదు. భాష దగ్గరే ఆగితే ప్రొఫిషియెన్సీ పరీక్ష ఉందేమో కనుక్కోండి. అదీ లేకపోతే ఆ భాష నేర్పే చిన్న కోర్సు ఒకటి చేయడం మొత్తం డేటా స్ట్రక్చర్స్ మళ్లీ చదవడం కన్నా నయం.

ఇవన్నీ మీ చేతిలో ఉండాలంటే పాత యూనివర్సిటీ లాగిన్ పనిచేస్తున్నప్పుడే ప్రతి సిలబస్, ప్రతి అసైన్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. బయటికొచ్చాక ఆ అకౌంట్ మూసేస్తే, పాత ప్రొఫెసర్ మెయిల్ కోసం ఎదురుచూస్తూ కూర్చోవాల్సివస్తుంది. ఈ ఒక్క మాట అందరికీ చెబుతాను, సగం మంది వినరు.

సమస్య: హైస్కూల్లో తెచ్చుకున్న అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ (కాలేజీ స్థాయి పరీక్షలు) క్రెడిట్లు కనబడటం లేదు

ఇక్కడే పుట్టి పెరిగిన మన పిల్లలు కాలిక్యులస్ బీసీ, సీఎస్-ఏ లాంటివి కట్టలుగా రాసి ఉంటారు. పాత ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉన్న ఆ క్రెడిట్లను కొత్తవాళ్లు చాలాచోట్ల లెక్కలోకి తీసుకోరు, స్కోరును తమ పద్ధతిలో మళ్లీ చూస్తారు. ఆ పరీక్షలు పెట్టే కాలేజ్ బోర్డ్ నుంచి స్కోర్లు నేరుగా పంపించండి. పాతచోట 5 కు 4 స్కోరుకు క్రెడిట్ ఇచ్చినా కొత్తచోట 5 అడగొచ్చు.

సమస్య: క్వార్టర్ స్కూల్ నుంచి వస్తే క్రెడిట్లు తగ్గాయి

తగ్గలేదు, కొలత మారింది: క్వార్టర్ అంటే సెమిస్టర్ కన్నా చిన్న టర్మ్. ఒక సెమిస్టర్ క్రెడిట్ ఒకటిన్నర క్వార్టర్ క్రెడిట్లకు సమానం, 90 కాస్తా 60 అవుతుంది. వరసగా సాగే కోర్సును మధ్యలో వదిలి రాకపోతే చాలు. మూడు క్వార్టర్ల కాలిక్యులస్‌లో రెండే చేసి వస్తే, సాధారణంగా మొదటి సెమిస్టర్ కాలిక్యులస్‌కే లెక్కకొస్తుంది.

సమస్య: ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నాను, కొత్త ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) రావడం లేదు

పాత స్కూల్ డీఎస్ఓ (విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి) మీ సెవిస్ రికార్డును (ప్రభుత్వ డేటాబేస్‌లో మీ వివరాలు) కొత్త స్కూల్‌కు విడుదల చేయాలి. ఆ విడుదల తేదీని మీరే ఆలోచించి చెప్పండి: సెమిస్టర్ అయ్యాక పెట్టుకోండి, ఆ రోజుతో పాతచోట క్యాంపస్ ఉద్యోగం ఆగిపోతుంది. ఆ తేదీ నుంచి అయిదు నెలల్లోపు కొత్తచోట క్లాసులు మొదలవ్వాలి.

ఇక అరుదైనవి. జీపీఏ ఖాళీగా కనబడితే కంగారొద్దు, చాలాచోట్ల క్రెడిట్లే వస్తాయి, గ్రేడ్ల సగటు రాదు. సి కన్నా తక్కువ గ్రేడ్ వచ్చిన కోర్సు చాలావరకు చెల్లదు. ట్రాన్‌స్క్రిప్ట్ అసలు కదలకపోతే పాతచోట పార్కింగ్ ఫైనో, లైబ్రరీ బాకీయో హోల్డ్ పెట్టిందేమో చూసి కట్టేయండి.