బేస్‌బాల్ అంకెలు చదవడం, 4వ పాఠం: ఏప్రిల్‌లో ఈఆర్‌ఏ

ఈఆర్‌ఏ అంటే పిచర్ (బంతి విసిరేవాడు) 9 ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చే ఎర్న్‌డ్ రన్స్, అంటే ఫీల్డర్ల తప్పుల వల్ల కాకుండా వచ్చిన రన్స్. వాటిని 9తో గుణించి, ఇన్నింగ్స్‌తో భాగించాలి. పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. 5.2 ఇన్నింగ్స్‌లో 3 ఎర్న్‌డ్ రన్స్ ఇచ్చిన పిచర్ ఈఆర్‌ఏ ఎంత? ఎక్కువమంది 5.19 అని పంపారు. అసలు జవాబు 4.76. సూత్రం అందరికీ వచ్చింది, తప్పంతా ఆ చుక్క దగ్గరే. దాని సంగతి తేలకుండా ముందుకెళ్తే మిగతా పాఠాలన్నీ వృథా.

అది దశాంశ బిందువు కాదు. క్రికెట్‌లో 5.2 ఓవర్లంటే 5 ఓవర్ల 2 బంతులని మనకు తెలుసు కదా, ఇదీ అంతే. 5 ఇన్నింగ్స్ పూర్తయ్యాక ఇంకో 2 ఔట్లు. ఇన్నింగ్స్‌కు 3 ఔట్లే కాబట్టి చుక్క తర్వాత 0, 1, 2 తప్ప ఇంకో అంకె రాదు. ఒక పిచర్ మూడు మ్యాచ్‌ల్లో 5.2, 6.1, 4.2 వేశాడనుకోండి. క్యాలిక్యులేటర్‌లో కూడితే 15.5 వస్తుంది. బేస్‌బాల్‌లో అలాంటి అంకే లేదు. ఔట్లలోకి మార్చండి: 17, 19, 14. మొత్తం 50, అంటే 16.2 ఇన్నింగ్స్. 15.5 అంటే ఒక ఇన్నింగ్స్‌కు పైగా అతను పడ్డ కష్టం లెక్కలోకే రాకుండా పోయింది. 7 ఎర్న్‌డ్ రన్స్ ఇచ్చి ఉంటే అతని ఈఆర్‌ఏ 3.78. మీ పద్ధతిలో 4.06.

నేనైతే ఇన్నింగ్స్ జోలికే పోను. 9 ఇన్నింగ్స్‌కు 27 ఔట్లు కాబట్టి, ఎర్న్‌డ్ రన్స్‌ను 27తో గుణించి, ఔట్లతో భాగిస్తాను. 3 × 27 = 81, దాన్ని 17తో భాగిస్తే 4.76. మీరూ ఇదే అలవాటు చేసుకోండి.

ఇక ఈరోజు విషయం. సీజన్ మొదట్లో ఒక్క చెడ్డ రోజు చాలు, ఈఆర్‌ఏ ఎగిరిపోతుంది. 18 ఇన్నింగ్స్‌కు 4 రన్స్ ఇచ్చిన పిచర్‌ది 2.00. తర్వాతి మ్యాచ్‌లో 2 ఇన్నింగ్స్‌కే 6 ఇస్తే 4.50 అవుతుంది. అదే దెబ్బ సీజన్ చివర సెప్టెంబర్‌లో, 162 ఇన్నింగ్స్‌కు 36 రన్స్ దగ్గర తగిలితే 2.00 కాస్తా 2.30 అవుతుంది, అంతే.

అందుకే ఏప్రిల్‌లో నేను ముందు చూసేది స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్ ఔటవడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఊరికే దొరికే బేస్). వాటిలో ఫీల్డర్ల చెయ్యి, బంతి ఎక్కడ పడిందన్న అదృష్టం పెద్దగా ఉండవు. పిచర్ ఖాతాలో పడే గెలుపోటముల లెక్క అసలు చూడను. 2018లో పిచర్ జేకబ్ డిగ్రామ్ ఈఆర్‌ఏ 1.70, గెలుపోటములు 10-9. లీగ్‌లో మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు ఆయనకే వచ్చింది.

బే ఏరియాలో ఉండి శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్‌ను చూసేవాళ్లకు 2024లో పిచర్ బ్లేక్ స్నెల్ గుర్తుండే ఉంటాడు. మార్చి సగం దాటాక టీమ్‌లో చేరాడు, స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు సాధన) సరిగ్గా లేదు. మధ్యలో గాయాలు. మొదటి 6 మ్యాచ్‌ల్లో ఈఆర్‌ఏ 9.51. జులైలో తిరిగొచ్చాక 14 మ్యాచ్‌ల్లో 1.23, అందులో ఆగస్టు 2న సిన్సినాటీలో నో-హిట్టర్ (ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్) కూడా ఉంది. మొదటి 6 మ్యాచ్‌లు చూసి అతని పని అయిపోయిందని తీర్మానించడం ఎంత తొందరపాటో చూడండి.

అభ్యాసం: స్నెల్ మొదటి భాగం 23.2 ఇన్నింగ్స్, 25 ఎర్న్‌డ్ రన్స్. రెండో భాగం 80.1 ఇన్నింగ్స్, 11 ఎర్న్‌డ్ రన్స్. మొత్తం సీజన్ ఈఆర్‌ఏ కట్టండి. 9.51, 1.23 కలిపి సగం చేయకండి, ఔట్లు కూడండి. ఇన్నింగ్స్ మొత్తం 103.3 వచ్చినవాళ్లు రెండో పేరా మళ్లీ చదవాలి. ఇది కుదిరాక, మీ టీమ్ ఒక వారం ఆడిన మ్యాచ్‌లన్నీ తీసుకుని స్టార్టర్లకు (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లకు) వేరుగా, బుల్‌పెన్‌కు (తర్వాత వచ్చే పిచర్లకు) వేరుగా ఈఆర్‌ఏ కట్టి పంపండి. కాగితం మీదే చేయండి.